"వీడికి తెలివి ఉంది సార్, కానీ...": టీనేజ్ పిల్లల స్వభావం, మార్కుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టి 18 ఏళ్లు దాటింది, మధ్యలో నాలుగేళ్లు విజయవాడ దగ్గర ఒక హాస్టల్ క్యాంపస్‌లో పనిచేశాను. పేరెంట్స్ మీటింగ్ అయ్యాక చాలామంది వెంటనే వెళ్లరు, మెట్ల దగ్గరో బండ్లు పెట్టిన చోటో ఆగి, పిల్లవాణ్ణి కాస్త దూరంగా పంపించి, గొంతు తగ్గించి అడుగుతారు. "వీడికి తెలివి ఉంది సార్, కానీ..." అని మొదలవుతుంది. ఆ 'కానీ' తర్వాత వచ్చేది సిలబస్ గురించి కాదు, పిల్లవాడి స్వభావం గురించి. బద్ధకం, భయం, మొండితనం, ఎవరితోనూ కలవకపోవడం. నిలబడి రెండు నిమిషాల్లో సరిగ్గా చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

స్వభావానికీ మార్కులకీ నిజంగా సంబంధం ఉందా?

ఉంది. కాకపోతే మనం అనుకునేంత కాదు, కొట్టిపారేసేంతా కాదు.

మనస్తత్వ శాస్త్రంలో మనిషి స్వభావాన్ని ఐదు కోణాల నుంచి కొలుస్తారు. పనిని పద్ధతిగా, బాధ్యతగా పూర్తిచేసే గుణం ఒకటి, కొత్త విషయాల మీద ఆసక్తి ఇంకోటి, నలుగురిలో కలిసిపోయే తత్వం, ఎదుటివాళ్లతో సర్దుకుపోయే తత్వం, చివరిది త్వరగా కంగారుపడే తత్వం. వీటిలో మార్కులతో అన్నిటికంటే ఎక్కువగా ముడిపడినది మొదటిదే, దాన్ని పుస్తకాల్లో కాన్షియెన్షియస్‌నెస్ అంటారు, నేను ఇక్కడ 'పద్ధతి' అంటాను. మన పెద్దవాళ్లు "ఆ పిల్లకి పద్ధతి ఉంది" అన్నప్పుడు ఏ అర్థంలో అంటారో దాదాపు అదే.

2009లో ఆర్థర్ పోరోపాట్ అనే పరిశోధకుడు 70 వేల మందికి పైగా విద్యార్థుల మీద వచ్చిన ఫలితాలన్నీ కలిపి చూస్తే, పద్ధతికీ మార్కులకీ మధ్య సంబంధం 0.2 దగ్గర తేలింది. సున్నా అంటే సంబంధమే లేదని, ఒకటి అంటే ఒకటి తెలిస్తే రెండోది కచ్చితంగా చెప్పేయొచ్చని. 0.2 అంటే ఎంతో నేను క్లాసులో చెప్పినట్టే చెప్తాను. ఒక కాలేజీలో పద్ధతిగా ఉండే 100 మందిని ఒకవైపు, అంత పద్ధతి లేని 100 మందిని ఇంకోవైపు నిలబెట్టామనుకోండి. మార్కుల్లో పై సగంలో ఉండేవాళ్లు మొదటి గుంపులో దాదాపు 56 మంది, రెండో గుంపులో 44 మంది. తేడా ఉంది, నిజమైన తేడానే. కానీ రెండో గుంపులో మంచి మార్కులు తెచ్చుకున్న ఆ 44 మందినీ, మొదటి గుంపులో ఉండి కూడా వెనకబడ్డ 44 మందినీ చూడకుండా "మార్కులు రాలేదంటే వీడికి పద్ధతి లేదు" అని తీర్పు చెప్పేస్తే, నూటికి నలభై మందికి పైగా పిల్లల విషయంలో మనం తప్పు చెప్పినట్టే.

అంటే తెలివి కంటే క్రమశిక్షణే ముఖ్యమా?

ఇలా చెప్పే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. వాటి వెనక ఉన్నది 2005లో అమెరికాలో ఏంజెలా డక్‌వర్త్, మార్టిన్ సెలిగ్‌మన్ ఎనిమిదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన. ఏడాది చివరి గ్రేడ్లలో తేడాని ఐక్యూ కంటే ఆత్మనిగ్రహం రెండింతలకు పైగా వివరించిందని అందులో తేలింది. నిజమే, కానీ ఆ పిల్లలు పరీక్ష పెట్టి సీట్లిచ్చే బడిలో చదివేవాళ్లు. అందరూ ఇప్పటికే తెలివైనవాళ్లైన చోట తెలివి తేడా చిన్నదైపోయి మిగతా తేడాలు పైకి కనబడతాయి. మన కాలేజీల్లో బాగా చదివేవాళ్లని ఏరి పెట్టే మెయిన్ సెక్షన్‌లో జరిగేది ఇదే.

అందుకే ఏ పరీక్ష అన్నది కూడా చూడాలి. ఏడాది పొడుగునా రికార్డులు, స్లిప్ టెస్టులు, పద్ధతిగా రాసే పెద్ద ప్రశ్నలు ఉన్నచోట శ్రద్ధ బాగా పనికొస్తుంది. ఎప్పుడూ చూడని ప్రశ్న వచ్చి పడే ఒక్కరోజు పరీక్షలో బుర్ర వేగం ఎక్కువ పనికొస్తుంది. డక్‌వర్త్ ఇంకొందరితో కలిసి తర్వాత 2012లో చూపించింది కూడా ఇంచుమించు ఇదే. మా దగ్గర ఇంటర్ బోర్డు పరీక్షల్లో ముందుండి జేఈఈలో వెనకబడే అమ్మాయిలు, బోర్డులో అంతంతమాత్రం అనిపించుకుని ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు తెచ్చుకునే అబ్బాయిలు ప్రతి ఏడూ కనబడతారు. తల్లిదండ్రులు దాన్ని అదృష్టం ఖాతాలో వేస్తారు. చాలాసార్లు అది ఆ రెండు పరీక్షలు వేరువేరు గుణాల్ని కొలవడం వల్ల వచ్చిన తేడా.

హాస్టల్లో వేస్తే క్రమశిక్షణ వస్తుందా?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

హాస్టల్లో తెల్లారకముందే లేపుతారు, స్టడీ అవర్ మొదలవుతుంది, టిఫిను, క్లాసు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారాంతంలో టెస్టు. ఏ గంటలో ఏ సబ్జెక్టు చదవాలో కూడా ఎవరో రాసిచ్చిన షెడ్యూలే. ఫోను ఉండదు. ఇలాంటి చోట పద్ధతి ఉన్న పిల్ల, లేని పిల్లవాడు ఇద్దరూ ఒకే టైముకి పుస్తకం తెరుస్తారు. ఇంటి దగ్గర చదవనివాడు ఇక్కడ చదువుతున్నట్టు కనిపించడానికి కారణం వాడి స్వభావం మారడం కాదు, వాడి బదులు ఆ నిర్ణయాలన్నీ బెల్లు తీసుకోవడం. అది అరువు క్రమశిక్షణ. అవసరానికి పనికొస్తుంది, కాదనను. ర్యాంకు కూడా రావచ్చు.

కానీ ఆ అరువు ఎప్పటికి తీర్చాల్సి వస్తుందో నేను చూశాను. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉండి మంచి ర్యాంకు తెచ్చుకుని వేరే రాష్ట్రంలో ఇంజినీరింగ్‌లో చేరాడు. మొదటి ఏడాదిలోనే నాలుగు సబ్జెక్టులు పోయాయి. సెలవులకి వచ్చినప్పుడు బ్రాడీపేటలో టీ తాగుతూ అన్నాడు, "సార్, అక్కడ ఎవరూ లేపరు. పొద్దున్నే లేవాలని ఉంటుంది, కానీ లేవడం ఎలాగో నాకు రాదు." నవ్వుతూ అన్నాడు, కళ్లు మాత్రం నవ్వలేదు. రెండేళ్లపాటు వాడు ఎప్పుడు నిద్రపోవాలో, ఏది ముందు చదవాలో, చదివింది చాలో లేదో ఒక్కసారి కూడా వాడంతట వాడు తేల్చుకోలేదు. తేల్చుకోనివ్వలేదు మేము. ఆ షెడ్యూళ్లు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కాబట్టి హాస్టల్లో వెయ్యడం తప్పు అనట్లేదు, ఇంటి పరిస్థితులు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. అడిగితే మాత్రం ఇలా చెప్తాను. రోజుకి అరగంటైనా "ఇప్పుడు ఏం చదవాలో నువ్వే చూసుకో" అనే టైము ఉందా అని క్యాంపస్‌లో అడగండి. దసరాకీ సంక్రాంతికీ ఇంటికొచ్చినప్పుడు మీరు టైమ్‌టేబుల్ గీయకండి, వాణ్ణే గీసుకోమనండి, తప్పినా ఊరుకోండి. మూడో రోజుకే ఆ కాగితం గాలికి పోతుంది. పర్వాలేదు, ఎందుకు పోయిందో వాడే చూసుకుని మళ్లీ రాసుకోవడంలోనే ఆ గుణం కాస్త కాస్త అలవడుతుంది.

మా అమ్మాయి అస్సలు మాట్లాడదు. చదువులో వెనకబడిపోతుందా?

లేదమ్మా. నలుగురిలో కలిసే తత్వానికీ ఈ వయసులో మార్కులకీ మధ్య చెప్పుకోదగ్గ సంబంధమే కనబడలేదు. ఒక్క చిక్కుంది, ఇలాంటి పిల్లలు డౌటు లేచి అడగరు, అడగనిది అలాగే ఉండిపోతుంది. డౌట్లు చీటీ మీద రాసి లెక్చరర్ టేబుల్ మీద పెట్టమనండి. నేను క్లాసులో ఒక అట్టపెట్టె పెట్టాను, నోరు విప్పి అడిగే ప్రశ్నల కంటే అందులో పడే ప్రశ్నలే బాగుంటున్నాయి.

ఏడో తరగతి దాకా బంగారంలా ఉన్నాడు, తొమ్మిదిలో ఎవరో మార్చేసినట్టు మారిపోయాడు. ఏమైంది?

ఎవరూ మార్చలేదు, వయసు. 2011లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో 10 నుంచి 65 ఏళ్ల వయసున్న 12 లక్షల మందికి పైగా ఇచ్చిన జవాబులు చూస్తే, పద్ధతిగా ఉండటం, సర్దుకుపోవడం రెండూ టీనేజ్ మొదట్లో కిందికి దిగి, ఆ తర్వాత మెల్లగా పైకి రావడం కనబడింది. అంటే బీరువా చిందరవందరగా ఉండటం, ఎదురు మాట్లాడటం, హోంవర్క్ రేపటికి తోసెయ్యడం మీ ఒక్క ఇంట్లోనే కాదు. మన దగ్గర సరిగ్గా ఈ కిందికి దిగే వయసులోనే ఫౌండేషన్ కోర్సు అని చేర్పించి, అప్పుడే అన్ని గంటలు కూర్చోబెడతాం. వాడు కూర్చోలేకపోతే "చెడిపోయాడు" అంటాం. ఆ మాట వాడొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

రాత్రి ఒంటిగంట దాకా చదువుతుంది, అయినా మార్కులు రావు. ఎందుకు?

ఇది కష్టపడని పిల్లల కథ కాదు, కష్టపడటం తెలిసి ఎలా చదవాలో తెలియని పిల్లల కథ. నాకు బాగా గుర్తున్న ఒక అమ్మాయి నోట్సు చూస్తే ముచ్చటేసేది, నాలుగు రంగుల పెన్నులు, ఫార్ములా చుట్టూ గళ్లు, ఒక్క కొట్టివేత ఉండదు. అదే నోట్సుని మళ్లీ మళ్లీ చదివేది, కొన్నిసార్లు మళ్లీ రాసేది. వీకెండ్ టెస్టులో మాత్రం తెల్లమొహం వేసేది. పాపం ఏడ్చేది కూడా.

చదివిందే మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది, కళ్లకి అలవాటైపోతుంది కాబట్టి. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో ఇదే బయటపడింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ఎక్కువ చెప్పారు, వారం తర్వాత అడిగితే పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లు వాళ్లని దాటేశారు. ఆ అమ్మాయితో నేను రంగు పెన్నులు మాన్పించలేదు, ఆమెకి అవి ఇష్టం. చదివిన ప్రతి పేజీకి పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాసి, తర్వాత తెరిచి చూసి మర్చిపోయింది మాత్రం ఎర్ర పెన్నుతో రాయమన్నాను. మొదటి వారం చిరాకు పడింది, కాగితం నిండా ఎరుపే. నెల తిరిగేసరికి ఎరుపు తగ్గింది.

ఇక ఒంటిగంట సంగతి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తున్నారు. ఒంటిగంటకి పడుకుని ఐదింటికి లేచే పిల్ల క్లాసులో కూర్చుంటుంది గానీ, విన్నది నిలవదు. దాన్ని శ్రద్ధ అనకండి.

పరీక్ష అంటే చెయ్యి వణుకుతుంది, వచ్చినవి కూడా మర్చిపోతాడు. ఏం చెయ్యాలి?

సహజంగా కంగారుపడే స్వభావం వేరు, పరీక్ష భయం వేరు. మొదటిదానికి మార్కులతో సంబంధం చాలా తక్కువ, రెండోది నిజంగానే మార్కులు తగ్గిస్తుంది, ఎందుకంటే లెక్క చెయ్యడానికి బుర్రలో ఉండాల్సిన చోటుని "ఇది రాకపోతే నాన్న ఏమంటాడో" అన్న ఆలోచన ఆక్రమిస్తుంది. పరీక్షకు ముందు పది నిమిషాలు భయాలన్నీ కాగితం మీద రాస్తే మార్కులు పెరుగుతాయని 2011లో ఒక పరిశోధనకి చాలా పేరొచ్చింది, మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు, కాబట్టి దాన్ని మందులా చెప్పను.

నా అనుభవంలో పనిచేసింది, అసలు పరీక్షలాగే ఇంట్లో రాయించడం. ఈఏపీసెట్ అంటే 3 గంటల్లో 160 ప్రశ్నలు, కాబట్టి ఆదివారం పొద్దున అదే టైముకి, గడియారం ముందు పెట్టి, మధ్యలో ఎవరూ లేపకుండా కూర్చోబెట్టండి. అందులో తప్పు రాస్తే మార్కులు తగ్గవు, జేఈఈ మెయిన్‌లో తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది. భయపడే పిల్లలకి ఈ తేడా ముందే అలవాటు కావాలి, లేకపోతే ఈఏపీసెట్‌లో కూడా వచ్చినవి వదిలేసి వస్తారు.

నిద్ర పట్టకపోవడం, తిండి మానెయ్యడం, "నేను లేకపోతే మీకే బాగుంటుంది" లాంటి మాటలు వస్తే మాత్రం ఇది చదువు సమస్య కాదు. ఆ రోజే 14416కి ఫోన్ చెయ్యండి, అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్, ఉచితం, ఏ టైములోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. టెస్టు ఉంది కదా, ఎల్లుండి చూద్దాం అనుకోవద్దు.

క్రమశిక్షణ పుట్టుకతో వచ్చేదా? మార్చలేమా?

కవలల మీద చేసిన పరిశోధనల ప్రకారం మనుషుల మధ్య ఈ స్వభావాల్లో తేడాలకి ఇంచుమించు సగం కారణం వారసత్వం. మిగతా సగం పెరిగిన తీరు, చుట్టూ ఉన్న మనుషులు, అలవాట్లు. 2017లో రెండు వందలకు పైగా పరిశోధనల్ని కలిపి చూస్తే, కౌన్సెలింగ్, చికిత్స లాంటి సాయం అందితే కొన్ని నెలల్లోనే స్వభావంలో కొలవగలిగినంత మార్పు వస్తుందని తేలింది, అన్నిటికంటే ఎక్కువగా మారింది కంగారు.

పిల్లవాడికి "శ్రద్ధగా ఉండు" అని చెప్తే ఏమీ జరగదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాక అన్నది తేల్చుకుంటే జరుగుతుంది. "రోజూ ఫిజిక్స్ చదువుతా" కాదు, "రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కోగానే మేడ మీద బల్ల దగ్గర కూర్చుని పది ఫిజిక్స్ బిట్లు చేస్తా, ఎవరైనా ఫోన్ చేస్తే అమ్మని ఎత్తమంటా" అని. అమెరికాలో ఒక పెద్ద పరీక్షకి తయారవుతున్న పిల్లలతో ఇలా ముందే అడ్డంకి ఊహించి, దానికి జవాబు రాయించినప్పుడు, అలా రాయించని పిల్లల కంటే 60 శాతానికి పైగా ఎక్కువ ప్రాక్టీసు ప్రశ్నలు చేశారు. అరగంట పని, పైసా ఖర్చు లేదు.

గ్రోత్ మైండ్‌సెట్, గ్రిట్ అని మోటివేషన్ క్లాసుల్లో చెప్తున్నారు. ఫీజు కట్టమంటారా?

గ్రిట్, అంటే పట్టుదల, చాలావరకు మనం ఇందాక చెప్పుకున్న పద్ధతికే ఇంకో పేరు అని 2017లో తేలింది. గ్రోత్ మైండ్‌సెట్, అంటే తెలివి సాధనతో పెరుగుతుందన్న నమ్మకం, దాని గురించి 2019లో అమెరికాలో దాదాపు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగం ఉంది, గంటలోపు పాఠమే, వెనకబడ్డ పిల్లలకి నాలుగు పాయింట్ల గ్రేడు స్కేలు మీద 0.1 పాయింటు పెరిగింది. చిన్న లాభం, నిజమైన లాభం. దానికోసం వేలకి వేలు కట్టక్కర్లేదు.

వేలిముద్రలు తీసుకుని పిల్లల తెలివి, స్వభావం చెప్తామంటున్నారు. చేయించాలా?

వద్దు. వేలిముద్రల్లో స్వభావం ఉండదు, దానికి శాస్త్రీయ ఆధారం లేదు. మనుషుల్ని 16 రకాలుగా విడగొట్టే ఆన్‌లైన్ టెస్టులు సరదాకి చేసుకోవచ్చు, కొన్ని వారాలయ్యాక మళ్లీ చేస్తే చాలామందికి వేరే రకం వస్తుంది. దాన్ని చూసి ఎంపీసీనా బైపీసీనా అని తేల్చకండి.

పద్ధతి లేదు అనే ముందు ఇంకేం చూడాలి?

చాలా ఉన్నాయి. తెనాలి నుంచి రోజూ వచ్చే ఒక అబ్బాయి మొదటి పీరియడ్‌లో నిద్రపోతున్నాడని నేను క్లాసులో నిలబెట్టాను. వాళ్ల నాన్న మిర్చి యార్డులో పని, సీజన్లో రాత్రిళ్లు కూడా ఇంట్లో ఉండడు, ఇద్దరు చెల్లెళ్లని వీడే లేపి, తయారుచేసి, బడికి పంపి బండెక్కేవాడు. నా క్లాసులో వాడికంటే బాధ్యత ఉన్నవాడు ఇంకొకడు లేడు, అది నాకు అర్ధ సంవత్సరం తర్వాత తెలిసింది. సారీ చెప్పాను. చెప్పాల్సింది ఒక్కడికే కాదని ఇప్పుడు తెలుసు.

చూపు సరిగ్గా ఉందా చూపించండి, బోర్డు కనబడకపోయినా చెప్పని పిల్లలున్నారు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి ఏడాది ఇంగ్లిష్‌లో ఏం చెప్తున్నారో అర్థంకాక మౌనంగా ఉంటున్నారా అడగండి. ఎనిమిదీ తొమ్మిదిలో బీజగణితం జారిపోయినవాడికి ఇంటర్ లెక్కలు ఎంత కూర్చున్నా రావు, వాడు కూర్చోవడం మానేస్తాడు, మనం బద్ధకం అంటాం. అసలు పేరు పునాది.

నేను స్టూడెంట్‌ని సార్. ఇవన్నీ అమ్మానాన్నలకి చెప్పారు, నాకు ఒక్క పని చెప్పండి.

పోయిన వీకెండ్ టెస్టు పేపరు తీసుకో నాన్నా. తప్పులన్నీ ఒకసారి చూసి మూడు గుర్తులు పెట్టు: అసలు తెలియక పోయినవి, తెలిసీ తొందరలో పోయినవి, టైము చాలక వదిలేసినవి. మూడిట్లో ఏది ఎక్కువుందో లెక్కపెట్టు. తెలియనివి ఎక్కువైతే ఆ చాప్టరు పేరు రాసుకుని రేపు లెక్చరర్ దగ్గరికి వెళ్లు. తొందరవి ఎక్కువైతే అవే లెక్కలు ఈ రాత్రి పుస్తకం చూడకుండా నిదానంగా చెయ్యి. టైము చాలనివి ఎక్కువైతే ఆదివారం గడియారం పెట్టుకుని కూర్చో. ఆ కాగితం మీద తారీఖు వేసి దాచుకో, వచ్చే వారం దీని పక్కన పెట్టి చూడాలి. నీకు మా కాలేజీ దగ్గరైతే ఆ రెండు కాగితాలూ తీసుకురా, సాయంత్రం ఐదు తర్వాత స్టాఫ్ రూమ్‌లో ఉంటాను.